దిగులు ఒంటికి ఎలా తెలుస్తుంది?



వరి కోశారు. పనలు ఇంకా చేలోనే ఉన్నాయి. అర్ధరాత్రి ఉరిమింది. ఉలిక్కిపడి లేచి కూర్చున్నారు. గుండె దడదడ కొట్టుకుంటోంది, నోరు తడారిపోయింది, అరచేతులు చల్లబడి చెమట పట్టాయి, కడుపులో తిప్పినట్టుంది. చినుకైనా పడలేదే, ఒంటికి ఇదంతా ఎందుకు వచ్చినట్టు?

ఇది మీ భ్రమ కాదు. భయం కలగగానే మెదడు నరాల ద్వారా హెచ్చరిక పంపుతుంది. మూత్రపిండాల మీద టోపీల్లాగా ఉండే చిన్న గ్రంథులు అడ్రినలిన్ అనే పదార్థాన్ని రక్తంలోకి వదులుతాయి. పాము ఎదురైతే పరుగెత్తాలన్నా, కర్ర ఎత్తాలన్నా కండరాలకు రక్తం ఎక్కువ కావాలి గదా! అందుకని గుండె వేగం హెచ్చుతుంది. బోదెకు అడ్డం వేసి నీటిని వేరే మడికి మళ్లించినట్టు, కడుపుకు పోయే రక్తం తగ్గి కండరాలకు మళ్లుతుంది. ఊపిరి మరీ వేగంగా తీస్తే వేళ్లు తిమ్మిరెక్కుతాయి, తల తిరుగుతుంది. అమెరికా శాస్త్రజ్ఞుడు వాల్టర్ కానన్ ఈ మార్పులను 1915లో తన గ్రంథంలో వివరించాడు.

మబ్బు విడిపోతే ఆ దడ తగ్గుతుంది. అప్పు దిగులు అలా పోదు. అది నెలల తరబడి ఉంటే మెడా భుజాలూ పట్టేస్తాయి, తలనొప్పి వస్తుంది, నిద్రా ఆకలీ చెడతాయి.

అయితే ఒక హెచ్చరిక. పురుగుమందు కొట్టి వచ్చాక చెమట, వణుకు కనిపిస్తే దిగులేలే అని ఊరుకోరాదు. భయానికి నోరు ఎండుతుంది. కొన్ని పురుగుమందుల విషానికి చొంగ కారుతుంది, కంటిపాప సూదిమొనంత అవుతుంది. ఈ గుర్తులన్నీ కనిపించేదాకా ఆగకండి. బట్టలు విప్పి, సబ్బుతో ఒళ్లు కడిగి, మందు డబ్బా వెంటబెట్టుకొని ఆసుపత్రికి వెళ్లండి. ఛాతీలో నొప్పి, బరువు వచ్చినా అంతే. వెంటనే 108కి ఫోన్ చేయండి.

దడ దిగులువల్లనే అని డాక్టరు చెప్పాడా? అది వచ్చినప్పుడు కూర్చొని, ఊపిరి మెల్లగా లోపలికి తీసి, అంతకంటే మెల్లగా వదలండి. కొద్ది నిమిషాలు అలా చేస్తే చాలామందికి దడ నెమ్మదిస్తుంది.

విస్తరణ కార్యకర్తలకు ఒక మనవి. రైతు గుండెదడ అంటే "నీకేమీ లేదు పో" అనకండి. ముందు ఆసుపత్రిలో చూపించమనండి. తరువాత నిద్ర పడుతోందా, అప్పు మాటేమిటి అని అడిగి, చెప్పేదాకా వినండి. బతకాలని లేదన్న మాట వస్తే అతణ్ణి ఒంటరిగా వదలకండి, పురుగుమందు అందకుండా చూడండి. 2022లో ప్రారంభమైన టెలి మానస్ వారితో 14416 నంబరులో రాత్రీపగలూ ఉచితంగా మాట్లాడవచ్చు.

చేలో తెగులు కనిపిస్తే నలుగురికీ చూపిస్తాం గదా. దిగులూ అంతే. దాచుకోకండి.