పెద్దపేగు చివరిదాకా చూపు

వంగే గుణమున్న సన్నని గొట్టాన్ని మలద్వారం గుండా పంపి, దాని కొసన అమర్చిన కెమెరా సాయంతో పెద్దపేగు లోపలి పొరను ఆసాంతం పరిశీలించే పద్ధతిని వైద్యులు కోలనోస్కోపీ అంటారు. ఆసుపత్రి వరండాల్లో దీన్ని ‘కిందనుంచి ఎండోస్కోపీ’ అనో, ‘కెమెరా పెట్టి చూశారు’ అనో చెప్పుకుంటారు. శరీరం లోపలికి చూసే ఇటువంటి పరీక్షలన్నిటికీ ఎండోస్కోపీ అన్న పేరు చెల్లుతుంది కనుక ఆ వాడుకలో తప్పు లేదు గానీ, కిందనుంచి చేసే ప్రతి పరీక్షా కోలనోస్కోపీ కాదన్న సంగతి తెలియకపోతేనే చిక్కు. ప్రాక్టోస్కోపీ మలద్వారాన్నీ, దానికి ఆనుకున్న కొద్ది సెంటీమీటర్లనూ మాత్రమే చూపుతుంది; సిగ్మాయిడోస్కోపీ పెద్దపేగు ఎడమవైపు భాగంతో ఆగిపోతుంది. ఈ రెండింటిలో ఒకటి చేయించుకుని పేగంతా బాగుందని నిశ్చింతగా ఉండే వ్యక్తి కుడివైపు పేగును ఎవరూ చూడనే లేదు.

సుమారు ఒకటిన్నర మీటర్ల పొడవున్న పెద్దపేగు, పొత్తికడుపు కుడివైపున అంధనాళం అనే సంచివంటి భాగంతో మొదలవుతుంది. గొట్టం కిందనుంచి వెళ్లేది కనుక పరీక్షకు గమ్యం అదే. అక్కడికి చేరినట్టు రుజువుగా ఉండుకం తెరుచుకునే చిన్న రంధ్రాన్నీ, చిన్నపేగు వచ్చి కలిసే చోట ఉండే కవాటాన్నీ ఫొటో తీసి నివేదికకు జతచేస్తారు. ఆ కవాటం దాటి చిన్నపేగు చివరి భాగంలోకి కూడా తొంగిచూస్తే పరీక్ష పేరు ఇలియోకోలనోస్కోపీగా మారుతుంది.

శరీరం లోపలికి వెలుగు పంపే ప్రయత్నం 1806లోనే జర్మన్ వైద్యుడు ఫిలిప్ బోజినీ కొవ్వొత్తి వెలుతురుతో మొదలుపెట్టినా, మెలికలు తిరిగిన పేగులోకి వంగని లోహపు గొట్టం ఎంతో దూరం పోలేదు. పంజాబ్‌లోని మోగాలో పుట్టిన నరీందర్ సింగ్ కపానీ, హెరాల్డ్ హాప్‌కిన్స్‌తో కలిసి లండన్‌లో చేసిన ప్రయోగాలు, గాజుపోగుల కట్ట వంగినా దానిగుండా బొమ్మను పంపవచ్చని 1954లో నిరూపించాయి. ఆ సూత్రంతోనే 1957లో బేసిల్ హిర్షోవిట్జ్ అమెరికాలో జీర్ణాశయాన్ని చూసే పరికరాన్ని తయారుచేయగా, 1969లో న్యూయార్క్ వైద్యులు విలియం వోల్ఫ్, హిరోమీ షిన్యా పెద్దపేగులోని పిలకలను (పాలిప్‌లను) కడుపు కోయకుండా తీగ ఉచ్చుతో తొలగించే పద్ధతిని ప్రవేశపెట్టారు. అంతవరకు చూపుకే పరిమితమైన పరీక్ష ఆ ఉచ్చుతో చికిత్సగానూ మారింది.

పరీక్ష ఫలితం పరికరం మీద ఎంత ఆధారపడుతుందో, ముందురోజు రోగి ఇంట్లో జరిగే పని మీదా అంతే ఆధారపడుతుంది. రెండుమూడు రోజుల ముందునుంచే గోంగూర, తోటకూర వంటి ఆకుకూరలూ, జామ, టమాటా వంటి గింజలున్నవీ మానేసి, తెల్లన్నం, పెరుగు, ఇడ్లీ వంటి పీచు తక్కువున్న ఆహారం తీసుకోవాలి. పరీక్ష ముందురోజు సాధారణంగా కొబ్బరినీళ్లు, వడగట్టిన పండ్లరసం, పాలు లేని టీ వంటి పలుచని ద్రవాలతో సరిపెట్టాలి. ఎర్రని పానీయాలు పేగులో నెత్తురులా కనిపిస్తాయి కనుక వాటి జోలికి పోకూడదు. తరువాత తాగించే పాలీఇథిలీన్ గ్లైకాల్ ద్రావణం ఒంటికి పట్టదు. తనతోపాటు నీటిని పట్టి ఉంచి పేగును కడిగేస్తుంది, అందులో కలిపిన లవణాలు శరీరంలోని ఉప్పునీటి సమతుల్యం చెడకుండా చూస్తాయి. సగం ముందురాత్రీ, మిగతా సగం పరీక్షకు నాలుగైదు గంటల ముందూ తాగితే పేగు మెరుగ్గా శుభ్రపడుతుందని తేలినా, తెల్లవారుజామున లేవడం ఇష్టంలేక రాత్రే అంతా కానిచ్చేవారు ఉంటారు. చివరికి విరేచనం పసుపుఛాయ గల తేట నీరుగా రావాలి. మడతల్లో మిగిలిన నురుగూ మడ్డీ చదునైన పిలకలను సులువుగా దాచేస్తాయి.

గొట్టం లోపలికి వెళ్లేటప్పుడు పేగు సాగి, చుట్టలు పడటం వల్ల నొప్పి పుడుతుంది కాబట్టే మత్తుమందు ఇస్తారు. అసలు పరిశీలన ఎక్కువగా వెనక్కి లాగేటప్పుడే సాగుతుంది. ఒక్కొక్క మడత వెనుకా చూస్తూ బయటికి రావడానికి కనీసం ఆరు నిమిషాలు పట్టాలన్నది చాలాకాలంగా పాటిస్తున్న ప్రమాణం. అంతకంటే తొందరపడేవారికి పిలకలు తక్కువగా కనిపిస్తున్నాయని 2006లో అచ్చయిన అమెరికన్ అధ్యయనం చూపించింది. ‘అయిదు నిమిషాల్లో ముగించేశారు’ అని వైద్యుడి నైపుణ్యాన్ని మెచ్చుకునే బంధువులు ఈ లెక్క తెలిస్తే బహుశా అంత సంతోషించరు.

పెద్దపేగు క్యాన్సర్లలో అధికభాగం అడినోమా అనే పిలకగా మొదలై, సాధారణంగా పదేళ్లకు పైగా నెమ్మదిగా ముదురుతాయి కాబట్టి, అమెరికాలో ఏ బాధా లేనివారికి కూడా 45 ఏళ్లనుంచి పరీక్షలు సూచిస్తున్నారు. ఆ వ్యాధి తక్కువగా ఉండే మనదేశంలో అటువంటి జాతీయ కార్యక్రమం లేదు. ఇక్కడ కోలనోస్కోపీ ప్రధానంగా నెత్తురు పడటం, అకారణంగా బరువు తగ్గడం, మానని విరేచనాలు, రక్తహీనత వంటి లక్షణాలు కనిపించాకే చేస్తారు. పాశ్చాత్య వైద్యుడికి అంతగా ఎదురుకాని చిక్కుముడి మన వైద్యుడి ముందుంటుంది. చిన్నపేగు, పెద్దపేగు కలిసే చోట పుండ్లూ ఇరుకూ కనిపిస్తే అది పేగు క్షయ కావచ్చు, క్రోన్స్ వ్యాధీ కావచ్చు. కంటికి రెండూ ఒకేలా ఉంటాయి గానీ చికిత్సలు పరస్పర విరుద్ధం: క్రోన్స్‌కు ఇచ్చే స్టెరాయిడ్లు క్షయను రెచ్చగొడతాయి. అందుకే పుండు అంచులనుంచి పలు ముక్కలు తీసి పరీక్షకు పంపుతారు. అప్పటికీ తేలకపోతే కొన్ని నెలలు క్షయ మందులిచ్చి, మళ్లీ కోలనోస్కోపీ చేసి పుండ్లు మానాయో లేదో చూస్తారు.

మలంలో నెత్తురు కనిపించగానే మొలలని తేల్చేసుకోవడం తెలుగునాట పాత అలవాటు. ‘ఆపరేషన్ లేకుండా మొలలకు గ్యారంటీ వైద్యం’ అన్న గోడరాతలు ఆ అలవాటును పెంచి పోషిస్తున్నాయి. మొలలు నిజంగానే ఉండవచ్చు, వాటికి పైన మలాశయంలో కణితి కూడా ఉండవచ్చు. ఒకటి దొరికిందని రెండోదాన్ని వెతకకపోవడమే ప్రమాదం.

పరీక్షలో పేగుకు రంధ్రం పడటం చాలా అరుదు, పిలక కోసిన చోట నెత్తురు కారడం అంతకంటే కొంత ఎక్కువ. రక్తం పలుచబడే మందులూ, మధుమేహం మందులూ వాడేవారు ఆ సంగతి ముందే చెప్పాలి. ఇక నివేదిక చేతికొచ్చాక అందరూ చివరి వాక్యమే చదువుతారు గానీ, అంధనాళం దాకా వెళ్లారా, పేగు ఎంత శుభ్రంగా ఉంది అన్న రెండు వివరాలు అంతకంటే ముఖ్యం. కుటుంబంలో ఈ క్యాన్సర్ చరిత్ర లేనివారికి పేగు శుభ్రంగా ఉండి ఏమీ కనిపించకపోతే, ముందుజాగ్రత్త పరీక్ష మళ్లీ పదేళ్లకు చాలు. సెంటీమీటరు, అంతకు మించిన అడినోమా తీసి ఉంటే సాధారణంగా మూడేళ్లకు, శుభ్రత చాలలేదని రాసి ఉంటే ఏడాది లోపే తిరిగి చేయించుకోవాలి.