సైకిలు: సక్రమ వినియోగము, భద్రతా పరీక్ష

మన దేశమున సైకిలు చొరని గ్రామము లేదు. 2011 జనాభా లెక్కలను బట్టి నూరు కుటుంబములలో దాదాపు నలుబదియైదింటికి సైకిలు కలదు. పాలు పోయువాడును, పనికి పోవు కూలియు, బడికి పోవు బాలికయు దానినే నమ్ముకొని యున్నారు. బీహారు ప్రభుత్వము 2006లో తొమ్మిదవ తరగతి బాలికలకు సైకిళ్లు కొనుటకై ధనమిచ్చు పథకమును ప్రారంభించినది. దూరభారముచే చదువు మానుకొనవలసిన బాలికలు పలువురు దాని మూలమున పాఠశాలకు పోగలిగిరి.

సైకిలు ఆరోగ్యమునకును మేలు చేయును. వయోజనులు వారమునకు కనీసము 150 నిమిషములైనను ఒక మోస్తరు శరీర శ్రమ చేయవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా యిచ్చినది. దినమునకు అరగంట చొప్పున అయిదు దినములు సైకిలు తొక్కినచో ఆ పరిమాణము పూర్తియగును. గుండెకు, ఊపిరితిత్తులకు, కాళ్ల కండరములకు ఇది చక్కని వ్యాయామము. పొగ లేదు, ఇంధనపు ఖర్చు లేదు.

అయినను దీనికి రెండవ ప్రక్క కూడ కలదు. 2022వ సంవత్సరమున మన దేశపు రోడ్లపై సైకిలు తొక్కుచు ప్రమాదములకు లోనై మరణించినవారు నాలుగు వేలకు పైబడి యున్నారు. పెద్ద వాహనములు ఢీకొనుటచే కలిగిన మరణములు వీనిలో అనేకము. ఆ వాహనములను నడుపువారి చేతులు మన అదుపులో లేవు. కాని రెండు విషయములు మాత్రము పూర్తిగా మన అదుపులోనివే. సైకిలును ఏ పనికి చేసిరో ఆ పనికే వాడుట మొదటిది. ఎక్కుటకు ముందు దానిని పరీక్షించుట రెండవది. ఈ రెండును పాటించువారికి సైకిలు వలన కలుగు అపాయములలో చాల భాగము తప్పిపోవును.

తగిన కొలత గల సైకిలు

"ఇప్పుడు పెద్దది కొన్నచో పిల్లవాడు పెరిగిన పిమ్మట కూడ పనికి వచ్చును" అని తలిదండ్రులు తలచుట కలదు. ఇది పొదుపు కాదు. కాళ్లు నేలకు అందని సైకిలును పిల్లవాడు ఆపలేడు, దానిపై నుండి దిగలేడు. ఫ్రేము సందున కాలు దూర్చి వంకరగా తొక్కుచు అదుపు తప్పి పడిపోవును.

కొలత చూచుట సులభము. బారునకు ఇరువైపుల కాళ్లు వేసి పాదములు నేలపై పూర్తిగా ఆన్చి నిలువవలెను. అప్పుడు బారునకు, శరీరమునకు నడుమ అంగుళమైనను ఖాళీ యుండవలెను. సీటుపై కూర్చుండి మడమను క్రింది పెడలుపై నుంచినపుడు కాలు తిన్నగా చాచుకొనవలెను. తొక్కునపుడు పాదపు ముందు భాగమును పెడలుపై నుంచెదము గనుక మోకాలు కొద్దిగా వంగి యుండును. సీటు మరీ క్రిందుగా నున్నచో మోకాళ్ల నొప్పులు వచ్చును. మరీ ఎత్తుగా నున్నచో నడుము ఇటునటు ఊగును. సీటు కడ్డీపైన, హేండిలు కడ్డీపైన ఒక గీత గుర్తుగా నుండును. ఆ గీత పైకి కనబడునంతగా కడ్డీని లాగరాదు. లాగినచో లోపలి పట్టు చాలక కడ్డీ ఊడిపోవచ్చును, విరిగిపోవచ్చును.

బరువును గూర్చి

సాధారణమైన సైకిలు ఒక మనిషిని, కొద్దిపాటి సామానును మోయుటకు చేయబడినది. నిండిన వంటగ్యాసు సిలిండరు సుమారు 30 కిలోల బరువు తూగును. అట్టి దానిని కేరియరు ప్రక్కన వ్రేలాడగట్టినచో సైకిలు ఒక వైపునకు ఒరగును, వెనుక బరువెక్కి ముందు చక్రము తేలిపోవును. అపుడు హేండిలు త్రిప్పినను చక్రము మాట వినదు. బరువు మిక్కుటమైనచో వెనుక చక్రపు పుల్లలు ఇరుసు వద్దనుండు వంపులో తెగుట ప్రారంభించును. ఒక పుల్ల తెగినచో దాని భారము ప్రక్క పుల్లలపై పడి అవియు వరుసగా తెగును.

బరువు మోయక తప్పనివారు అందుకై చేసిన గట్టి కేరియరును, స్టాండును బిగించుకొనవలెను. సామానును ఇరువైపుల సమముగా, వీలైనంత క్రిందుగా కట్టవలెను. త్రాటి కొసలను వ్రేలాడనీయరాదు. హేండిలునకు సంచి గాని, బిందె గాని తగిలింపరాదు. అది ఊగి ముందు చక్రపు పుల్లలలో చిక్కుకొన్నచో చక్రము ఉన్నపాటున నిలిచిపోయి తొక్కువాడు తలక్రిందులుగా పడును.

ఒక చేత గొడుగు పట్టుట, సెల్‌ఫోనులో మాటలాడుట, చెవులలో పాటలు పెట్టుకొనుట, ముందుపోవు లారీని పట్టుకొని వ్రేలాడుట, ఇవి సైకిలును దుర్వినియోగపరచుటయే. సైకిలునకు రెండు బ్రేకులున్నవి, రెండు చేతులును వానికి కావలెను. గంటకు 15 కిలోమీటర్ల వేగమున పోవు సైకిలు ఒక్క సెకనులో నాలుగు మీటర్లకు పైగా ముందుకు సాగును. అపాయమును చూచి బ్రేకు పట్టులోపలనే అంత దూరము గడచిపోవునని గుర్తుంచుకొనవలెను.

పసిపిల్లల పాదములు

వెనుక కూర్చుండబెట్టిన పసిపిల్లల పాదము చక్రపు పుల్లలలో చిక్కుకొనుట మిక్కిలి తరచుగా జరుగు ప్రమాదము. ఎనిమిదేండ్లలోపు పిల్లలకు కాళ్లు ఆన్చుటకు చోటు లేక అవి వ్రేలాడుచుండును. నిద్ర వచ్చినపుడు గాని, మలుపు తిరిగినపుడు గాని పాదము లోనికి పోవును. పుల్లలకు, ఫ్రేమునకు నడుమ మడమ నలిగిపోవును.

ఈ గాయము మోసకరమైనది. మొదటి దినమున గీరుకొన్నట్లు మాత్రమే కనబడవచ్చును. నలిగిన చర్మము రెండు మూడు దినముల పిమ్మట నల్లబడి ఊడిపోవచ్చును. లోపల ఎముక విరిగియుండవచ్చును, మడమ వెనుకనున్న బలమైన నరము దెబ్బతినియుండవచ్చును. కావున ఎంత చిన్నదిగా తోచినను ఈ గాయమును వైద్యునికి చూపవలెను.

పాదము చిక్కుకొన్నపుడు చక్రమును వెనుకకు త్రిప్పి బలవంతముగా లాగరాదు. సైకిలును కదలకుండ పట్టుకొని, పుల్లలను కత్తిరించి పాదమును విడిపింపవలెను. గాయముపై పసుపు, కాఫీపొడి, గ్రీజు మొదలగునవి అద్దరాదు. శుభ్రమైన నీటితో కడిగి, శుభ్రమైన గుడ్డ చుట్టి ఆసుపత్రికి కొనిపోవలెను.

ఈ ప్రమాదమును నివారించుట కష్టము కాదు. పిల్లలకై చేసిన సీటును, పాదములకు ఆధారమును, చక్రపు ప్రక్కను మూయు జాలీని బిగించినచో చాలును. ఆ జాలీయే చీర చెంగును, చున్నీని కూడ కాపాడును. మెడకు చుట్టిన చున్నీ చక్రములో పడినచో ప్రాణాపాయము కలుగవచ్చును. దానిని నడుమునకు ముడివేసికొనియే సైకిలు ఎక్కవలెను. పంచె, పైజామా కట్టువారు కుడికాలి అంచు చైనులో పడకుండ మడచి బిగించుకొనవలెను.

ప్రతిదినము రెండు నిమిషములు

ఇంటినుండి బయలుదేరుటకు ముందు ఈ అయిదింటిని పరీక్షింపుడు.

1. గాలి: టైరును బొటనవ్రేలితో గట్టిగా నొక్కవలెను. సులభముగా లోనికి పోయినచో గాలి చాలదు. ఎంత గాలి పట్టవలెనో టైరు ప్రక్కనే ముద్రించియుండును. టైరులో దారములు బయటపడినను, ప్రక్కలు పగిలినను మార్చవలెను.

2. బ్రేకులు: ముందు బ్రేకు పట్టి సైకిలును ముందుకు త్రోయవలెను, చక్రము తిరుగరాదు. వెనుక బ్రేకును అట్లే చూడవలెను. పట్టినపుడు మీట హేండిలును తాకినచో బ్రేకు వదులుగా నున్నదన్నమాట. రబ్బరులు రిమ్మును మాత్రమే తాకవలెను. టైరును తాకినచో దానిని కోసివేయును.

3. హేండిలు: ముందు చక్రమును మోకాళ్ల నడుమ బిగించి హేండిలును త్రిప్పి చూడవలెను. చక్రము కదలకుండ హేండిలు మాత్రము తిరిగినచో బోల్టు బిగింపవలెను. హేండిలు కొసలను రబ్బరు పిడులు పూర్తిగా కప్పియుండవలెను. పిడి లేని ఇనుప గొట్టము, పడిన పిల్లవాని పొట్టలో గ్రుచ్చుకొని, పైకి గాయము కనబడకపోయినను, లోపలి అవయవములను గాయపరచగలదు.

4. చైను: మధ్యభాగమున వ్రేలితో ఎత్తినపుడు అర అంగుళము కదలిక యుండవలెను. అంతకన్న వదులైనచో ఎక్కుడులోనో, కూడలిలోనో ఊడిపోవును.

5. చప్పుడు: సైకిలును రెండంగుళములు ఎత్తి నేలపై వదలవలెను. గలగలమని మ్రోగినచో ఏదియో వదులైనది. అది ఏదో కనుగొని బిగించిన పిమ్మటనే బయలుదేరవలెను. గంట మ్రోగుచున్నదో లేదో కూడ అప్పుడే చూచుకొనవలెను.

నెలకొక పర్యాయము

నెలకొకసారి సైకిలును తీరికగా పరిశీలింపవలెను. చక్రమును ఎత్తి త్రిప్పి, బ్రేకు రబ్బరు ప్రక్క రిమ్ము ఇటునటు ఊగుచున్నదేమో చూడవలెను. ఊగినచో మెకానిక్కుచేత బెండు తీయింపవలెను. పుల్లలను ఒక్కొక్కటిగా పట్టి చూచినచో వదులైనది చేతికే తెలియును. పెడలు కడ్డీలను పట్టి ఊపి చూడవలెను. కాటరు పిన్ను అరిగినచో కాలు జారును. ఎడమ పెడలు మర తక్కిన మరలకు వ్యతిరేకముగా తిరుగునను విషయము తెలియక పలువురు దానిని పాడుచేయుదురు. గట్టిగా నున్నదని బలము ప్రయోగింపక, తెలిసినవారిచేత చేయించుట మేలు.

ఫ్రేము గొట్టములు కలియు చోటులను, ముఖ్యముగా హేండిలు క్రింది భాగమును, గుడ్డతో తుడిచి చూడవలెను. రంగు పై సన్నని పగులు గాని, గీతవంటి తుప్పు గాని కనబడినచో లోహము చీలుట ప్రారంభించినదని అనుమానింపవలెను. అట్టి సైకిలును తొక్కరాదు. ఫోర్కు వంగినచో దానిని కొట్టి సరిచేయుటకన్న మార్చుట క్షేమము. చైనునకు కొద్దిగా నూనె వేసి, మిగిలినది తుడిచివేయవలెను. రిమ్మునకు, బ్రేకు రబ్బరులకు నూనె ఎన్నడును తగులనీయరాదు.

వాన, చీకటి

తడిసిన రిమ్ముపై రబ్బరు పట్టు తగ్గును. పొడి రోడ్డుపై పట్టిన దూరమునకు రెండింతలు మించి పోయిన పిమ్మట గాని సైకిలు నిలువకపోవచ్చును. వానలో మెల్లగా పోవుచు, ముందుగానే రెండు బ్రేకులను సమముగా పట్టవలెను. వేగముగా దిగునపుడు ముందు బ్రేకును ఒక్కదానినే గట్టిగా పట్టినచో తొక్కువాడు హేండిలు మీదుగా పడిపోవును.

చీకటిలో మీరు దారి చూచుట ఎంత ముఖ్యమో, ఇతరులు మిమ్ము చూచుట అంత ముఖ్యము. ముందు దీపమును, వెనుక ఎరుపు దీపమును అమర్చుకొనవలెను. సామాన్యపు డైనమో దీపము సైకిలు నిలిచినపుడు ఆరిపోవును గనుక వెలుతురు పడిన మెరయు ఎరుపు బిళ్ల వెనుక తప్పక యుండవలెను. దానిపై పేరుకొన్న బురదను తుడుచుచుండవలెను. లేతరంగు దుస్తులు ధరించుట మేలు.

తలకు రక్షణ, పడినపుడు చికిత్స

విరిగిన చేయి అతుకుకొనును, దెబ్బతిన్న మెదడు పూర్తిగా కోలుకొనకపోవచ్చును. కావున సైకిలునకై చేసిన హెల్మెట్టు ధరించుట అన్ని వయసులవారికి మంచిది. అది కనుబొమలకు రెండు వ్రేళ్ల ఎత్తున నుదుటిని కప్పి, గడ్డము క్రింద పట్టీతో బిగియవలెను. గట్టి దెబ్బ తగిలిన హెల్మెట్టును తిరిగి వాడరాదు.

పడినపుడు గీరుకొన్న గాయములను సబ్బుతో, ధారాళమైన నీటితో కడిగి, ధనుర్వాతపు టీకా అవసరమేమో వైద్యుని అడుగవలెను. తలకు దెబ్బ తగిలినవాడు స్పృహ తప్పినను, పలుమార్లు వాంతి చేసికొనినను, మగతగా నున్నను, తలనొప్పి హెచ్చుచున్నను, ముక్కు చెవులనుండి రక్తము గాని నీరు గాని కారినను క్షణమైనను ఆలసింపక ఆసుపత్రికి చేర్చవలెను. 112 నంబరునకు గాని, తెలుగు రాష్ట్రములలో 108 నంబరునకు గాని ఫోను చేయవచ్చును. మోటారు వాహన ప్రమాదమున గాయపడినవారికి సద్భావముతో తోడ్పడువారికి 2019లో సవరింపబడిన మోటారు వాహనముల చట్టము రక్షణ కల్పించుచున్నది. కావున భయపడి తప్పుకొనవలదు.

సైకిలు అల్పమైన వాహనమని తలచి దానిని నిర్లక్ష్యము చేయుట మనలో కలదు. ఎద్దును కాడికి కట్టుటకు ముందు రైతు దాని గిట్టలను, మెడను చూడక మానడు. మనలను, మన పిల్లలను మోయు సైకిలునకును ఆపాటి శ్రద్ధ చెల్లును. దినమునకు రెండు నిమిషములు, నెలకొక అరగంట, దానికి కావలసినది ఇంతే. ఈ అలవాటును ఇంటిలోని పెద్దలు తాము పాటించి, సైకిలు నేర్చుచున్న పిల్లలకు మొదటి దినముననే నేర్పవలెను.