మూడు మీటర్ల వాన ఎటు పోతోంది?

పోర్ట్ బ్లెయిర్‌లో ఏడాదికి పడే వాన దాదాపు 3,000 మిల్లీమీటర్లు. హైదరాబాద్‌లో 800, విశాఖలో 1,100 దాకా కురుస్తుంది. అనంతపురంలో 550 దాటితే పండగే. ఈ లెక్కన పోర్ట్ బ్లెయిర్‌లోని గోల్ ఘర్ లాంటి పేటల్లో నీటి కటకట ఉండకూడదు. కానీ ఉంది. ఎండలు ముదిరాక మునిసిపాలిటీ కుళాయి రెండు మూడు రోజులకోసారి వచ్చిన ఏళ్లు ఈ ఊరు చాలానే చూసింది. (2024లో ఊరి పేరు శ్రీ విజయపురం అయింది. కుళాయి వేళలకూ దానికీ సంబంధం లేదనుకోండి.)

మొదటి చిక్కు క్యాలెండర్‌లో ఉంది. వాన మే నుంచి డిసెంబరు దాకా దంచుతుంది. జనవరి నుంచి ఏప్రిల్ వరకు నాలుగు నెలలూ కలిపి మామూలుగా 200 మిల్లీమీటర్ల లోపే. రెండోది నేల. దక్షిణ అండమాన్ అంతా నిటారు గుట్టలు, ఇసుకరాయి, బంకమట్టి రాళ్లు. నీరు ఇంకేది తక్కువ. వాగులు పొట్టివి, గుట్ట దిగితే సముద్రమే. చెప్పుకోదగ్గ నది కల్పాంగ్, అదేమో ఎక్కడో ఉత్తర అండమాన్‌లో ఉంది. లక్షకు పైగా జనమున్న పట్టణం ప్రధానంగా 1973లో పూర్తయిన ధనిఖారీ జలాశయం మీదే ఆధారపడింది.

ఈ బాధ కొత్తదేం కాదు. 1858 మార్చి 10న 200 మంది ఖైదీలతో ఓడ వచ్చింది. వాళ్లను మొదట ఛాథమ్ దీవిలో దించారు. అక్కడ మంచినీళ్లు చాలక మకాం రాస్ దీవికి మారింది.

మంచినీళ్లు కావలసింది ఇళ్లకే కాదు, వేటకు కూడా. గోల్ ఘర్‌కు దగ్గర్లోనే జంగ్లీఘాట్ రేవు. అక్కడ తెలుగు వినబడకపోతేనే వింత. 2011 జనాభా లెక్కల్లో అండమాన్ నికోబార్‌లో తెలుగు మాతృభాషగా రాయించుకున్నవాళ్లు 50,404 మంది. మొత్తం 3,80,581లో వంద మందికి పదమూడు మంది. ఉత్తరాంధ్ర తీరం నుంచి వచ్చిన మత్స్యకార కుటుంబాలది ఇందులో పెద్ద పాలు. వేటకు డీజిల్ ఎంత ముఖ్యమో ఐసు కూడా అంతే. ఉష్ణదేశాల్లో టన్ను చేపకు టన్ను ఐసు కావాలన్నది వాడుక లెక్క. అంటే సుమారు వెయ్యి లీటర్ల మంచినీరు. చుట్టూ సముద్రమున్నా పడవకు ముందు కావలసింది కుళాయి నీరే.

2004 డిసెంబరు 26 ఉదయం 6:29కి వచ్చిన భూకంపం లెక్కలన్నీ తారుమారు చేసింది. ఉత్తర అండమాన్ తీరం కొంత పైకి లేచింది. నికోబార్ కొసన ఇందిరా పాయింట్ నాలుగు మీటర్లకు పైగా కుంగింది. పోర్ట్ బ్లెయిర్ పరిసరాలు సుమారు ఒక మీటరు దిగాయి. మీటరే కదా అనిపిస్తుంది. కానీ చదును నేలలో పోటు నీరు దానివల్ల ఎంత లోపలికి వస్తుందో సిప్పీఘాట్ పొలాలను చూసినవాళ్లకు తెలుసు. వరి పండిన మళ్లు ఉప్పునీటి మడుగులయ్యాయి. మంచినీటి చెరువుకు అనువైన పల్లం నేల అసలే కొద్ది. అందులో కొంత అలా పోయింది.

మిగిలింది ఇంటికప్పు. చదరపు మీటరు మీద 3,000 మిల్లీమీటర్లు పడితే 3,000 లీటర్లు. వంద చదరపు మీటర్ల కప్పు మీద 3 లక్షలు. ఐదో వంతు వృథా పోయినా 2.4 లక్షల లీటర్లు దక్కుతాయి. తలకు రోజుకు 135 లీటర్ల ప్రమాణంతో ఐదుగురి ఇంటికి ఏడాదికి కావలసింది 2.46 లక్షలు. దాదాపు సరికి సరి! అయితే నాలుగు నెలల ఎండకు దాచాలంటే 81,000 లీటర్లు, అంటే వెయ్యి లీటర్ల ట్యాంకులు 81. గుట్టవాలు ఇళ్లలో అది జరిగే పని కాదు. అందుకే మొత్తం కాకుండా కొంతే దాచడం మేలని నా అభిప్రాయం. తాగడానికీ వంటకూ తలకు 20 లీటర్లు చొప్పున 120 రోజులకు 12,000 లీటర్లు చాలు. దానికి మూడు మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు, రెండు మీటర్ల లోతున్న తొట్టి సరిపోతుంది.