యంత్రానికి ప్రతిపదార్థం

పదహారవ శతాబ్దానికి చెందిన పింగళి సూరన రచించిన 'రాఘవపాండవీయం' ద్వ్యర్థి కావ్యం. అందులో ఒకే పద్యం ఒకవైపు రామకథను, మరొకవైపు భారతకథను చెబుతుంది. వ్యాఖ్యాత పదవిభాగం చేసి, ప్రతిపదార్థం వ్రాస్తే తప్ప సామాన్య పాఠకునికి ఆ రెండర్థాలూ బోధపడవు. అంతర్జాల పుటలను చదివే కంప్యూటరు కూడా అటువంటి పాఠకుడే.

1989లో టిమ్ బెర్నర్స్-లీ ప్రతిపాదించిన వరల్డ్ వైడ్ వెబ్‌లో పుటలను హెచ్.టి.ఎం.ఎల్. అనే భాషలో కూర్చుతారు. పాఠ్యానికి ముందూ వెనుకా ఉంచే గుర్తులను ట్యాగులంటారు. ఏది శీర్షికో, ఏది పేరానో అవి తెలుపుతాయి. కానీ ఒక గ్రంథాలయ పుటలో 'రాఘవపాండవీయం, పింగళి సూరన' అని ఉంటే, మొదటిది గ్రంథమనీ రెండవది కవి పేరనీ అవి తెలుపవు. మనకు తెలిసిన ఆ సంగతిని యంత్రానికి వేరుగా చెప్పవలసి ఉంటుంది.

ఈ కొరతను తీర్చే 'సెమాంటిక్ వెబ్' భావనను 2001లో బెర్నర్స్-లీ, జేమ్స్ హెండ్లర్, ఓరా లస్సిలా ఒక వ్యాసంలో వివరించారు. 2011లో గూగుల్, మైక్రోసాఫ్ట్, యాహూ సంస్థలు 'స్కీమా డాట్ ఆర్గ్' అనే ఉమ్మడి పదజాలాన్ని ప్రారంభించాయి. దానిననుసరించి 'ఇది గ్రంథం, ఇది దాని పేరు, ఇతడు దాని కర్త' అని పుటలోనే గుర్తించవచ్చు. చదువరి కంటికి పుట మారదు. యంత్రం మాత్రం 'సూరన రచించిన గ్రంథాలేవి?' అన్న ప్రశ్నకు సమాధానం వెదకగలుగుతుంది.

ఈ గుర్తులు కేవలం అలంకారాలు కావు. చూపులేని విద్యార్థి పాఠాన్ని స్క్రీన్ రీడర్ అనే సాధనం ద్వారా వింటాడు. పుట తెలుగులో ఉన్నదని తెలిపే సంకేతం లేకపోతే ఆ సాధనం మరొక భాష ఉచ్చారణతో తడబడవచ్చు. శీర్షికను ట్యాగుతో గుర్తించక పెద్ద అక్షరాలతో మాత్రమే చూపితే, కావలసిన భాగానికి నేరుగా వెళ్లే వీలు అతనికి ఉండదు. కూర్చినవారి చిన్న అలక్ష్యం ఒక విద్యార్థికి చదువును దూరం చేస్తుంది.

నేడు కృత్రిమ మేధ సందర్భాన్నిబట్టి అర్థాన్ని ఊహించగలుగుతున్నది. అయినా ఊహ పొరపడవచ్చు. కర్తను ప్రచురణకర్తగా గుర్తిస్తే ఆ గుర్తు కూడా యంత్రాన్ని తప్పుదారి పట్టిస్తుంది. కనుక వ్యాఖ్యాతకు ఉండవలసిన పాండిత్యం, సత్యనిష్ఠ పుటను కూర్చేవారికీ అవసరం.