దారి చివరి గీత



కంప్యూటరులో నొక వస్తువునకు పోవు దారిని వ్రాయునప్పుడు చివర నొక వాలుగీత యుంచిన నేమగును, ఉంచకున్న నేమగును అనునది నేటి నా ప్రసంగవిషయము. ఈ మాట వినగానే "ఇది పట్టణపు కుర్రవాండ్ర పని, గాంధారిలో కూర్చున్న మనకేల?" యని మీకు తోచవచ్చును. 2020 అక్టోబరు 29వ తేదీన ధరణియు, 2025 ఏప్రిల్ 14వ తేదీన భూభారతియు ప్రారంభమైనవి. మన భూముల లెక్క నేడు యంత్రములయందే నడచుచున్నది. ఇండ్లలో మనుమలు పాత పహాణీలకు, క్రయపత్రములకు ఛాయలు తీసి కంప్యూటరులో దాచుచున్నారు. పెట్టెలో దాచిన కాగితమును చెదలు తినును; యంత్రములో దాచిన కాగితమును తెలియక వ్రాసిన యొక గీత తినగలదు. కావున నీ సంగతి మనకును అవసరమే.

మొదట దారి యననేమో చూతము. సర్వే నంబరు 112/అ/2 అని వ్రాసియున్నచో, 112వ నంబరులోని 'అ' భాగము, అందులో రెండవ తునక యని మనకు వేరుగా చెప్పనక్కరలేదు. బై నంబరులోని యా వాలుగీత "దీనిలోపల" అను నర్థము నిచ్చుచున్నది. కంప్యూటరులోని దారియు నిట్టిదే. "/ఇల్లు/పత్రములు/పహాణీ" అనగా, మూలస్థానమున ఇల్లు అను ఫోల్డరు, దానిలోపల పత్రములు అను ఫోల్డరు, అందులో పహాణీ అను ఫైలు. అన్నిటికంటె ముందున్న గీత మూలమునకు గుర్తు. ఈ గీతను స్లాష్ అందురు. 1969లో అమెరికా దేశమున బెల్ పరిశోధనశాలలో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ మొదలగువారు నిర్మింప నారంభించిన యూనిక్సు అను వ్యవస్థ ద్వారా నీ పద్ధతి వ్యాపించినది. 1991లో పుట్టిన లినక్సు దానినే అనుసరించినది. మన జేబులలోని ఆండ్రాయిడు ఫోనులకు లినక్సే పునాది. ఈ వ్యవస్థలలో ఫైలునకు తెలుగులోనే పేరు పెట్టుకొనవచ్చును. పేరులో చేరరానివి వాలుగీతయు, శూన్యమను నొక అదృశ్యచిహ్నమును మాత్రమే.

ఇక రెండవది మారుపేరు. 2016 అక్టోబరు 11వ తేదీ వరకు మన ఊరి విలాసములో నిజామాబాదు జిల్లా యని వ్రాయుచుంటిమి. ఆనాడు కామారెడ్డి జిల్లా యేర్పడినది. ఊరు కదలలేదు, పొలము కదలలేదు; దారి మాత్రము మారినది. పాత విలాసముతో వచ్చిన యుత్తరమును చూచి "ఇది ఇప్పుడు ఫలానా చోటున నున్నది" అని చెప్పు చీటి యొకటి పాతచోట అంటించియుంచిన నుత్తరము తప్పిపోదు గదా! కంప్యూటరులో నట్టి చీటినే సింబాలిక్ లింకు అందురు. నేను లంకె యనెదను. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్క్‌లీ శాఖవారు 1983లో వెలువరించిన 4.2 బీఎస్‌డీ అను యూనిక్సులో నిది చేరినది. లంకెలో సరకు లేదు; మరియొక దారి యొక్క అక్షరములు మాత్రమే యుండును. ఆండ్రాయిడు ఫోనులో "/ఎస్‌డీకార్డు" అను దారి యట్టి లంకెయే. ఫోనులో విడిగా కార్డు వేయకపోయినను ఆ పేరుండును. అది ఫోను లోపలి నిల్వచోటును చూపును.

వ్యాకరణము చదివినవారికి స్థానివద్భావము జ్ఞప్తికి వచ్చును. ఒక దాని స్థానమున వచ్చిన ఆదేశము ఆ మొదటిదానివలెనే ప్రవర్తించును. అయితే వర్ణమును ఆశ్రయించిన కార్యములలో మాత్రము అట్లు కాదు. లంకె కూడ నిట్లే. దానిద్వారా ఫైలును తెరచినను, చదివినను, వ్రాసినను, అసలు వస్తువునకే ఆ క్రియ చెందును. కాని పేరును తుడుచుట, పేరు మార్చుట వంటి పనులలో లంకె తానుగానే నిలుచును. లంకెను తుడిచిన చీటి పోవును, సరకు నిలుచును. సరకును తుడిచిన చీటి మిగులును, అది చూపుచోట నేమియు నుండదు.

ఈ రెండును కలిసినచోటనే చిక్కు పుట్టును. దారి నడుమ రెండు మూడు గీతలు వరుసగా పడినను యంత్రము వానినొక్కటిగానే గ్రహించును. అందుచేత చివరి గీతయు వ్యర్థమని పలువురు తలతురు. కాని చివరి గీతకు "ఇది ఫోల్డరే కావలయును, దీని లోపలికి పొమ్ము" అను నర్థము కలదు. సామాన్యమైన ఫైలు పేరు చివర గీత యుంచిన "ఇది ఫోల్డరు కాదు" అని యంత్రము నిరాకరించును. పాతపత్రములు అను లంకె యొక ఫోల్డరును చూపుచున్నదనుకొనుడు. "పాతపత్రములు" అనిన కొన్ని పనులయందు చీటికే చెందును. "పాతపత్రములు/" అనిన చీటిని దాటి అసలు ఫోల్డరులో కాలుపెట్టినట్లు. వివరములు చూపు మనిన, గీత లేనిచో లంకె వివరములును, గీత యున్నచో లోపలి ఫైళ్ల వివరములును వచ్చును. గీత లేక తుడువు మనిన చీటి మాత్రమే పోవును. గీతతో, లోపలివానితో సహా తుడువు మనిన అన్ని యంత్రములయందు ఫలమొక్కటి కాదు. కొన్ని నిరాకరించును, కొన్ని లోపలి సరకునే తుడిచివేయును. పేరు పోవలసినచోట ఆస్తి పోవుట యనగా నిదియే.

దారి వ్రాయుటలో తోడ్పడు బాష్ అను షెల్లు ఈ అపాయమును గుర్తెరిగినది. పేరు సగము వ్రాసి ట్యాబు మీట నొక్కిన మిగతది తానే పూరించును. ఫోల్డరైనచో చివర గీతను చేర్చును. ఫోల్డరును చూపు లంకెయైనచో మొదట చేర్చదు. మరల నొక్కిననే చేర్చును. చీటి కావలయునో సరకు కావలయునో మనమే నిర్ణయింపవలెనని దాని భావము.

నకళ్లు తీయుటలో నిది మరింత ముఖ్యము. 1996లో ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మెకరాస్ వెలువరించిన ఆర్‌సింక్ అను సాధనము ప్రసిద్ధము. దానికి "పత్రములు" అని చెప్పిన, గమ్యస్థానమున పత్రములు అను ఫోల్డరునే నిర్మించి అందులో సరకు నింపును. "పత్రములు/" అని చెప్పిన, ఫోల్డరును విడిచి లోపలి సరకును మాత్రము అచట పరచును. ఆ పేరు లంకెయైనచో భేదము ఘోరము. ఉన్నదున్నట్లు నకలు తీయు మని సామాన్యముగ వాడు ఆజ్ఞలో గీత లేనిచో చీటి యొక్కటే పోవును. పేరు కనబడుచున్నది గదా యని సంతోషించి, ఏడాది పిదప పాత యంత్రము చెడినప్పుడు తెరచి చూచిన, లేని యింటిని చూపు చీటి మిగిలియుండును. తాతలనాటి పత్రములు రెండవమారు ముద్రింపబడవు.

ఇక దారిని విప్పుట. లంకెలనన్నిటిని అనుసరించి మూలమునుండి నిజమైన స్థానము వరకు గల పూర్తి దారిని తేల్చు పనికి రియల్‌పాత్ అను సాధనము కలదు. ఇట్లు తేలిన దారి చివర గీత యుండదు. కావున మొదట మనము గీత యుంచితిమా లేదా యను సంగతి విప్పిన పిమ్మట తెలియదు. ప్రోగ్రాము వ్రాయువారు విప్పకముందే దానిని గుర్తుంచుకొనవలెను. రెండు చుక్కలు, అనగా "వెనుకటి ఫోల్డరు", అను గుర్తు విషయములోను జాగ్రత్త యవసరము. "ఇల్లు/పత్రములు/.." అనిన రెంటిని కొట్టివేసి "ఇల్లు" అని వ్రాయుట సరియని తోచును. పత్రములు లంకెయైనచో వెనుకకు పోవునది లంకె యున్న చోటికి కాదు. అది చూపు ఫోల్డరునకు వెనుకటి చోటికి. ఆ యిల్లు వేరు, ఈ యిల్లు వేరు.

ఒక లంకె రెండవదానిని, రెండవది మరల మొదటిదానిని చూపినచో తార్కికులు దీనిని అన్యోన్యాశ్రయ దోష మందురు. దీనికి అంతు లేదు గనుక లినక్సు నలుబది లంకెల వరకే నడచి, ఆపైన దారి లేదని నిలిచిపోవును.

చివరకు మూడు మాటలు మనవి చేసెదను. తుడుచుటకు ముందు దారిని పూర్తిగ విప్పించి చూడవలయును. తుడువవలసినది లంకె యైనచో చివర గీత యుంచరాదు. నకలు తీసిన పిమ్మట పేర్లను చూచి తృప్తి పడక, ఒక్క ఫైలునైనను తెరపించి, అక్షరము చదివించి చూడవలయును. మనుమడు "తాతా, అంతయు దాచితిని" అన్నప్పుడు "నాయనా, చీటిని దాచితివా, సరకును దాచితివా?" అని అడుగుడు. ఆ ప్రశ్న అడుగుటకు కంప్యూటరు విద్య రానక్కరలేదు. పేరునకు పదార్థమునకు గల భేదము తెలిసిన చాలును. అది మన పెద్దలు మనకు నేర్పినదే.

సెలవు.