‘ఊరికి తిరిగి రండి’ - ఏ ఊరికి?

పాలంపేట ఉన్న జాగ మారలేదు. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన రామప్ప గుడి ఎక్కడుందో అక్కడే ఉంది. ఊరు మాత్రం 2016 దాకా వరంగల్ జిల్లాలో, తర్వాత జయశంకర్ భూపాలపల్లిలో, 2019 ఫిబ్రవరి నుంచి ములుగు జిల్లాలో ఉంటూ వచ్చింది. నడుమ 2014లో రాష్ట్రమే మారింది. ఇన్ని గీతలు మారినా ఆ ఊరి మాల మాదిగలకి గాని, చుట్టుపక్కల కోయలకి గాని కులం సర్టిఫికెట్ చెల్లకుండా పోలేదు. గీత మనిషి మీది నుంచి జరిగితే హక్కు పోదు. మనిషే గీత దాటితే పోతుంది. ఈ తేడా ఎవరి పొట్ట కొడుతోందో చూడాలంటే పాలంపేట నుంచి తూర్పు దిక్కుకి, గోవిందరావుపేట, తాడ్వాయి, ఏటూరునాగారం అడవుల్లోకి పోవాలి.

అక్కడి గుంపుల్లో ఉన్నవాళ్లని మనం గొత్తికోయలంటాం. అది మనం పెట్టిన పేరు. వాళ్లు కోయతూర్ అనుకుంటారు, కొందరు మురియా అనీ దోర్ల అనీ చెప్పుకుంటారు. పోడు కోసం, కూలి కోసం బస్తర్ నుంచి వెనకటి నుంచే కొద్దికొద్దిగా వస్తూ ఉన్నారు. గుంపులు గుంపులుగా వచ్చింది మాత్రం 2005 జూన్‌లో, అప్పటి దంతెవాడ జిల్లాలో సల్వాజుడుం మొదలైనాక. జుడుం వాళ్లు శిబిరానికి రమ్మన్నారు. రాకపోతే నక్సలైటు అన్నారు. శిబిరానికి పోయినవాణ్ణి మావోయిస్టులు ద్రోహి అన్నారు. రెండు తుపాకుల నడుమ ఉండలేక ఊళ్లకి ఊళ్లు ఖాళీ చేసి ఇటు నడిచి వచ్చారు. అలా వచ్చినవాళ్లు 50 వేల దాకా ఉంటారని స్వచ్ఛంద సంస్థల అంచనా. గిరిజన యువకులకి తుపాకులిచ్చి ప్రత్యేక పోలీసులుగా వాడుకోవడం రాజ్యాంగ విరుద్ధమని నందినీ సుందర్ కేసులో సుప్రీంకోర్టు 2011 జూలై 5న చెప్పింది. తీర్పయితే వచ్చింది. కాలిపోయిన ఊళ్లు రాలేదు.

ఊరు, వాడ అనే రెండు మాటలు తెలిసినవాళ్లం మనం. ఊరి అవతల వాడ ఉంటుంది. వాడకి కనీసం ఒక పేరుంటుంది, పంచాయతీ లెక్కలో ఇంటి నంబరుంటుంది, ఎన్నికలప్పుడైనా జీపు వస్తుంది. గొత్తికోయ గుంపు వాడకీ అవతల ఉంది. అటవీశాఖ కాగితంలో అది ‘ఆక్రమణ’. పోలీసు కాగితంలో ‘ప్రభావిత ప్రాంతం’. ఊరు అని రాసే కాగితం ఎక్కడా లేదు.

వలస వచ్చినవాళ్లని సమాజంలో కలపడం ఒక పని, వాళ్ల పిల్లలు తీవ్రవాదంలోకి పోకుండా చూడటం ఇంకో పని. సర్కారు ఈ రెండింటినీ ఒకే ఫైలులో పెట్టింది. ఆ ఫైలు ఎక్కువగా పోలీసు శాఖ దగ్గరే ఉంటుంది. వైద్య శిబిరం పోలీసులు పెడతారు, దుప్పట్లు వాళ్లే పంచుతారు, వాలీబాల్ కిట్లు వాళ్లే ఇస్తారు. వీటివల్ల జ్వరం తగ్గినవాళ్లు లేరని మేం అనం. మందు మందే. కాని మందిచ్చిన చేతిలోనే గుంపులోవాళ్ల పేర్ల లిస్టు కూడా ఉంటే, మందు తీసుకునేవాడు ఏమనుకుంటాడు?

వరంగల్ గడ్డ మీద ‘రాడికల్’ అనేది పుస్తకంలో మాట కాదు. రాడికల్ విద్యార్థి సంఘం పిల్లలు ‘గ్రామాలకు తరలండి’ అని ఎండాకాలం సెలవుల్లో ఊళ్లకి పోయిన రోజులు ఇక్కడి పెద్దవాళ్లకి యాదికున్నాయి. 1992లో పీపుల్స్‌వార్ మీద, దాని సంఘాల మీద నిషేధం పెట్టారు. ఆ రాజకీయాల మీద మా విమర్శ మాకుంది. దళిత ఉద్యమం కులం గురించి వాళ్లని నిలదీసిన సంగతి పాఠకులకి కొత్త కాదు. అయితే ఎవరో వచ్చి చెవిలో చెప్తే పిల్లలు అడవి బాట పట్టారనుకోవడం అప్పుడూ తప్పే, ఇప్పుడూ తప్పే. భూమి, కూలి, పటేల్ గడీ, ఠాణాలో దెబ్బలు - ఇవి లేకుండా చెవిలో మాటకి బలం లేదు.

2025లో ములుగు పోలీసులు ‘పోరు కన్నా ఊరు మిన్న, మన ఊరికి తిరిగి రండి’ అని పిలుపునిచ్చారు. లొంగిపోయినవాళ్లకి లెక్క ఖాయంగా ఉంది. కేంద్రం మార్గదర్శకాల ప్రకారం పైస్థాయివాళ్లకి 5 లక్షలు, మిగతావాళ్లకి రెండున్నర లక్షలు, మూడేళ్లపాటు నెలనెలా స్టైపెండ్. తుపాకి పట్టి దించినవాడికి ఇవ్వొద్దని మేం అనడం లేదు. రెండు తుపాకులకీ భయపడి పిల్లల్ని ఎత్తుకుని పారిపోయి వచ్చినవాడి సంగతేమిటని అడుగుతున్నాం. వాడికి అలాంటి లెక్కేదీ రాయలేదు. ‘మన ఊరికి రండి’ అనే పిలుపు వాడికి వర్తించదు, ఎందుకంటే వాడు ఏ ఊరికి రావాలో ఎవరూ చెప్పలేదు.

ఇది కాని పని కాదు, ఈ దేశంలోనే అయింది. 1997 నుంచి మిజోరం వదిలి త్రిపుర శిబిరాల్లో తలదాచుకున్న బ్రూ గిరిజనుల కోసం 2020 జనవరి 16న కేంద్రం, రెండు రాష్ట్రాలు, బ్రూ ప్రతినిధులు ఒప్పందం రాసుకున్నారు. దాదాపు 34 వేలమందిని త్రిపురలోనే స్థిరపరచడానికి 600 కోట్లు. కుటుంబానికి ఇంటి జాగ, ఇల్లు కట్టుకోవడానికి లక్షన్నర, 4 లక్షల డిపాజిట్, రెండేళ్లు నెలకి 5 వేలు, రేషను, త్రిపుర ఓటరు జాబితాలో పేరు. దేశం లోపలే నిర్వాసితులైనవాళ్లు వెనక్కి పోవచ్చు, లేదా వచ్చినచోటే స్థిరపడొచ్చు, ఎంపిక వాళ్లదేనని ఐక్యరాజ్యసమితి 1998 మార్గదర్శక సూత్రాలూ చెప్తున్నాయి. బ్రూలకి ఇది చేతకావడానికి 23 ఏళ్లు పట్టింది. బస్తర్ వాళ్లు వచ్చి 20 ఏళ్లు దాటింది.

ఇక్కడ అడ్డుపడేది ఒక తీర్పు. దళిత విద్యార్థులూ తెలుసుకోవలసిన తీర్పు అది. తెనాలిలో పుట్టి, తండ్రి ఉద్యోగం వల్ల తొమ్మిదేళ్ల వయసులో బొంబాయి పోయిన ఒక ఎస్టీ పిల్లవాడు అక్కడ మెడికల్ సీటుకి రిజర్వేషన్ అడిగాడు. 1990లో మర్రి చంద్రశేఖరరావు కేసులో సుప్రీంకోర్టు కాదంది. 341, 342 అధికరణలు ఎస్సీ ఎస్టీ జాబితాలని ‘ఆ రాష్ట్రానికి సంబంధించి’ ప్రకటిస్తాయి కాబట్టి, వేరే రాష్ట్రానికి వలసపోయినవాడికి ఆ హోదా అక్కడ రాదని తేల్చింది. బొంబాయి పోయిన మాల మాదిగలకి కులం అడగకుండానే వెంట వచ్చింది, సర్టిఫికెట్ మాత్రం ఊళ్లో ఉండిపోయింది. కోయతూర్‌కీ అదే జరిగింది. విడ్డూరం ఏమంటే, మన ఎస్టీ జాబితాలో ‘కోయతూర్’ అనే పేరు ఉంది. పేరుంది, కాని ఆ పేరుగల మనిషి ఛత్తీస్‌గఢ్‌లో పుడితే ఇక్కడ ఎస్టీ కాడు.

2006 అటవీ హక్కుల చట్టం కూడా ఎస్టీగా ప్రకటించిన ప్రాంతంలోనే ఎస్టీకి పట్టా అంటుంది. ఎస్టీ కాదంటే మూడు తరాలు, అంటే 75 ఏళ్లు, అక్కడ ఉన్నట్టు చూపాలి. పైగా 2005 డిసెంబర్ 13 నాటికి సాగులో ఉండాలి. 2005 జూన్ తర్వాత పారిపోయి వచ్చినవాడు ఏ తలుపు తట్టాలి? పట్టా లేనివాడి పోడు మీద ఎప్పుడైనా ట్రాక్టరు నడపొచ్చు. 2017 సెప్టెంబర్‌లో తాడ్వాయి మండలం జలగలంచలో అటవీ సిబ్బంది గుడిసెలు కూల్చారు, ఆడవాళ్లని చెట్లకి కట్టేశారని అప్పటి పత్రికలు రాశాయి. 2022 నవంబర్‌లో చండ్రుగొండ దగ్గర ఒక అటవీ రేంజి అధికారిని గొత్తికోయలు చంపారు. అది హత్య, అందులో రెండో మాట లేదు. కాని దాని తర్వాత బెండాలపాడు పంచాయతీ ఏకంగా గొత్తికోయలందర్నీ ఛత్తీస్‌గఢ్‌కి పంపించాలని తీర్మానం చేసింది. నేరం ఎవరో చేస్తే శిక్ష కులం మొత్తానికి పడటం మనకి ఎరికే. ఒక మాట ఇక్కడ పనికొస్తుంది: అట్రాసిటీ చట్టం రక్షణ మాత్రం రాష్ట్రం దాటినా వర్తిస్తుందని బొంబాయి హైకోర్టు పూర్తి ధర్మాసనం 2023లో చెప్పింది. కార్యకర్తలు దీన్ని గుర్తుంచుకోవాలి.

ఇక స్థానిక కోయల అభ్యంతరం. దీన్ని దాటేసి రాస్తే మా రాత అబద్ధమవుతుంది. ఐటీడీఏ డబ్బులు పెరగవు, పోడు భూమి పెరగదు, కొత్తవాళ్లొస్తే మా వాటా తగ్గుతుందని వాళ్లంటారు. 1976లో లంబాడాలని తెలంగాణలో ఎస్టీ జాబితాలో చేర్చినప్పటి నుంచి ఉన్న బాధ ఈ మాట వెనక ఉంది. అది కట్టుకథ కాదు. కాని వాటా తక్కువైంది గొత్తికోయల వల్ల కాదు, వాటానే చిన్నదిగా పెట్టడం వల్ల. కొత్తగా వచ్చినవాళ్లకి పునరావాసం డబ్బు ఐటీడీఏలోంచి కాకుండా, బ్రూల లాగా కేంద్రం విడిగా ఇవ్వాలి. అప్పుడు గూడేనికీ గూడేనికీ కొట్లాట పెట్టే వీలుండదు. మిర్చి తోటల పటేళ్లకి మాత్రం ఈ కొట్లాట లాభమే. కాగితం లేని కూలి అగ్గువకి దొరుకుతాడు. 2020 ఏప్రిల్‌లో లాక్‌డౌన్ వేళ, ములుగు జిల్లా మిర్చి చేలల్లో పనికి వచ్చిన 12 ఏళ్ల బస్తర్ పిల్ల నడిచి ఇంటికి పోతూ ఊరు చేరకముందే చనిపోయింది.

చివరగా టీచర్ల సంగతి. బ్రిటన్‌లో ‘ప్రివెంట్’ అనే కార్యక్రమం కింద 2015 నుంచి బడులకి ఒక చట్టబద్ధమైన బాధ్యత పెట్టారు. తీవ్రవాదం వైపు పోతున్నట్టు అనుమానం వస్తే పిల్లల గురించి పైకి తెలపాలి. ముస్లిం పిల్లలు క్లాసులో నోరు విప్పడానికి జంకుతున్నారని అక్కడి టీచర్ల సంఘాలే అన్నాయి. ఇక్కడ ఏ టీచరునీ ఆ పనికి దించనివ్వొద్దు. టీచర్ల చేతిలో అంతకంటే గట్టిదే ఉంది. 2009 విద్యాహక్కు చట్టం 14వ సెక్షన్ ప్రకారం వయసు రుజువు లేదని ఏ పిల్లనీ బడిలో చేర్చుకోకుండా ఉండకూడదు. 4వ సెక్షన్ ప్రకారం బడి మొహం చూడని పదేళ్ల పిల్లని వయసుకి తగ్గ క్లాసులో చేర్చుకుని విడిగా నేర్పాలి. 29వ సెక్షన్ వీలైనంత వరకు తల్లిభాషలో చెప్పమంటుంది, గుంపు పిల్లల భాష తెలుగు కాదు. 2007 డిసెంబర్‌లో దంతెవాడ, ఖమ్మం వచ్చి చూసిన జాతీయ బాలల హక్కుల కమిషన్ కూడా ఈ పిల్లల చదువు, తిండి, వైద్యం గురించే అడిగింది. అడ్మిషన్ రిజిస్టర్లో పేరు ఎక్కించడానికి తహసీల్దారు సంతకం అక్కర్లేదు, ఠాణా సంతకం అసలే అక్కర్లేదు.