కనుబొమ్మలు ఏం చెబుతాయి?

ఎండాకాలం పాలమూరు, నల్లగొండ జిల్లాల్లో ఎండ మండిపోతుంది. చెరువు పూడిక తీసే కాడ నాలుగు గంపలు ఎత్తితే చాలు. నుదుటి మీద చెమట కారుతుంది. ఆ చెమట కండ్లల్ల పడితే కండ్లు మండుతాయి. చూపు సరిగా ఆనదు. అట్ల పడకుండా కనుబొమ్మలు అడ్డం నిలుస్తాయి. ఇంటికి చూరు ఉంటుంది. అది వాన నీళ్ళను గోడ మీద పడనియ్యదు. కనుబొమ్మ కూడా కంటికి చూరు లాంటిదే. చెమటను పక్కకు, కణతల వైపు మళ్ళిస్తుంది.

కనుబొమ్మ చేసే పని ఇది ఒక్కటే కాదు. అది మాట్లాడుతుంది కూడా.

నోరు లేని మాట

పిల్లలు అల్లరి చేస్తుంటారు. తల్లి కొట్టదు, తిట్టదు. కనుబొమ్మలు ముడిచి చూస్తుంది. పిల్లలు గమ్మున కూర్చుంటారు. ఆశ్చర్యం కలిగితే రెండు కనుబొమ్మలు పైకి లేస్తాయి. దుఃఖం వస్తే వాటి లోపలి కొసలు పైకి లేస్తాయి. "ఏంది సంగతి?" అని అడగటానికి కనుబొమ్మ ఎగరేస్తే చాలు. చర్మం కింద ఉన్న చిన్న చిన్న కండరాలు ఈ పని చేస్తాయి.

అక్షరాలు రాని రోజుల్లో కూడా ఆడవాళ్ళు ఈ రాతను చదివారు. అంగట్లో బేరగాని ముఖం చూసి, ధర తగ్గుతుందో లేదో పసిగట్టారు. ముఖం చదవటం కూడా ఒక చదువే.

మనిషిని గుర్తుపట్టటానికి కూడా కనుబొమ్మలు కావాలి. 2003లో అమెరికాలో కొందరు శాస్త్రవేత్తలు ఒక పరీక్ష చేశారు. పేరున్న మనుషుల ఫొటోలు తీసుకున్నారు. కొన్ని ఫొటోల్లో కండ్లు చెరిపేశారు. కొన్నింట్లో కనుబొమ్మలు చెరిపేశారు. కండ్లు లేని ముఖాల కంటే, కనుబొమ్మలు లేని ముఖాలను గుర్తుపట్టటమే చూసేవారికి ఎక్కువ కష్టమైంది.

ఆటలో, రాతిలో, పటంలో

ఈ సంగతి కళాకారులకు ఏనాడో తెలుసు. భరతముని పేరు మీద ఉన్న నాట్యశాస్త్రం చాలా పాత పుస్తకం. అందులో కనుబొమ్మల కదలికలు ఏడు అని రాసి ఉంది. పైకి ఎత్తటం ఒకటి. కిందికి దించటం ఒకటి. ముడి వేయటం ఒకటి. ఆ ముడికి భ్రుకుటి అని పేరు. అది కోపానికి గుర్తు.

మన ఊళ్ళల్లో చిందు యక్షగానం ఆడేవారు. ఆట రాత్రిపూట జరిగేది. వెనక కూర్చున్నవాళ్ళకు కూడా ముఖం కనపడాలి. అందుకే ముఖానికి రంగు పూసి, కండ్లు, కనుబొమ్మలు నల్లగా దిద్దుకునేవారు. నిజామాబాద్ జిల్లాకు చెందిన చిందుల ఎల్లమ్మ ఈ ఆటలో గొప్ప పేరు తెచ్చుకున్న స్త్రీ.

పటం కథలు చెప్పేవాళ్ళు ఊరూరా తిరిగేవారు. ఆ పటాలను చేర్యాలలో నకాశీ కళాకారులు గీస్తారు. గుడ్డకు చింతగింజల గంజి, తెల్లమట్టి పట్టించి, దాని మీద బొమ్మలు వేస్తారు. పెద్ద కండ్లు, నల్లని కనుబొమ్మలు ఆ బొమ్మలకు జీవం పోస్తాయి.

అలంపురంలో తుంగభద్ర ఒడ్డున నవబ్రహ్మ గుళ్ళు ఉన్నాయి. అవి చాళుక్య రాజుల కాలం నాటివి. కట్టి సుమారు 1300 ఏండ్లు అయింది. నల్లగొండ పక్కన పానగల్లులో కూడా పాత గుళ్ళు ఉన్నాయి. ఆ గుళ్ళకు పోయినప్పుడు శిల్పాల ముఖాలు చూడండి. రాతి మీద వెంట్రుకలు చెక్కటం కష్టం. అందుకని శిల్పులు కనుబొమ్మను ఒక వంపుగా చెక్కుతారు. మన దేశపు శిల్పులు ఆ వంపును విల్లుతో పోల్చారు. వేపాకుతో కూడా పోల్చారు. వేపాకును అడ్డంగా పట్టుకొని చూడండి. ఆ పోలిక మీకే తెలుస్తుంది.

ఏది అందం?

కనుబొమ్మ ఎట్లుంటే అందం? ఒక్కో దేశం ఒక్కో మాట చెప్పింది.

సుమారు వెయ్యి ఏండ్ల కిందట జపాన్ దేశంలో పెద్దింటి ఆడవాళ్ళు కనుబొమ్మలు తీసేసుకునేవారు. నుదుటి మీద పైకి రెండు నల్లని మచ్చలు దిద్దుకునేవారు. అప్పట్లో అదే అందం. 1870లో అక్కడి ప్రభుత్వం పెద్దింటి వారిలో ఈ అలవాటును ఆపించింది. 1920, 1930ల నాటి అమెరికా సినిమా తారలు కనుబొమ్మలను సన్నని గీతలాగ చేసుకున్నారు. తర్వాత కాలంలో ఒత్తు కనుబొమ్మలు అందం అన్నారు.

మెక్సికో దేశంలో ఫ్రిదా కాలో అనే చిత్రకారిణి ఉండేది. ఆమె 1907లో పుట్టి 1954లో చనిపోయింది. ఆమె కనుబొమ్మలు రెండూ కలిసి ఉండేవి. ఆమె వాటిని దాచుకోలేదు. తన బొమ్మ తానే గీసుకుంటూ, వాటిని ఉన్నవి ఉన్నట్లు గీసింది. ఇయ్యాల ఆ బొమ్మలను లోకమంతా చూస్తుంది.

మన దగ్గర కనుబొమ్మలు కలిసిన పిల్లను చూసి కొందరు వంక పెడతారు. మంచిది కాదంటారు. అది నిజం కాదు. కనుబొమ్మల తీరు అమ్మానాన్నల నుంచి వస్తుంది. అదృష్టానికీ, గుణానికీ దానితో సంబంధం లేదు. అందం అనే మాట కాలాన్ని బట్టి మారుతుంది. మారే మాటను పట్టుకొని ఒక ఆడపిల్లకు విలువ కట్టటం తప్పు.

దారంతో కనుబొమ్మలు తీయించుకోవటం ఎవరి ఇష్టం వాళ్ళది. అయితే దారం కొత్తది కావాలి. తీసేవాళ్ళ చేతులు శుభ్రంగా ఉండాలి.

పసిబిడ్డకు కాటుక

పసిబిడ్డకు కాటుకతో కనుబొమ్మలు దిద్దుతారు. దిద్దితే ఒత్తుగా వస్తాయని నమ్ముతారు. కాని కాటుకతో వెంట్రుకలు పెరగవు. అంగట్లో అమ్మే కొన్ని కాటుకల్లో, సుర్మాల్లో సీసం ఉంటుంది. సీసం ఒక విషపు లోహం. అది ఒంట్లో చేరితే బిడ్డ మెదడు ఎదుగుదల దెబ్బతింటుంది. ఇంట్లో చేసిన కాటుక అయినా, వేలితో కంట్లో పెడితే క్రిములు పోతాయి. బిడ్డ కండ్లకు, కనుబొమ్మలకు కాటుక పెట్టకపోవటమే మేలు.

కనుబొమ్మలు పల్చబడితే

కనుబొమ్మలు పల్చబడటానికి చాలా కారణాలు ఉన్నాయి. గొంతు దగ్గర థైరాయిడ్ అనే గ్రంథి ఉంటుంది. అది తక్కువ పనిచేస్తే కనుబొమ్మల బయటి కొసలు పల్చబడవచ్చు. దానితో పాటు నీరసం ఉంటుంది. బరువు పెరుగుతుంది. ముట్టు తేడాగా వస్తుంది. రక్తపరీక్షతో దీన్ని తెలుసుకోవచ్చు.

కుష్ఠు రోగంలో కూడా కనుబొమ్మలు ఊడవచ్చు. ఒంటి మీద పాలిపోయిన మచ్చ గాని, ఎర్రని మచ్చ గాని ఉంటుంది. దాన్ని ముట్టుకున్నా స్పర్శ తెలియదు. ఇది పాపం వల్ల రాదు. శాపం అసలే కాదు. క్రిమి వల్ల వస్తుంది. 1873లో నార్వే దేశపు డాక్టర్ హాన్సెన్ ఆ క్రిమిని కనిపెట్టాడు. ఇప్పుడు దీనికి మంచి మందులు ఉన్నాయి. సర్కారు దవాఖానలో ఉచితంగా ఇస్తారు. రోగాన్ని బట్టి 6 నెలలు గాని, 12 నెలలు గాని వాడాలి. మధ్యలో ఆపకూడదు. తొందరగా మొదలుపెడితే కాళ్ళు, చేతులు వంకర పోకుండా కాపాడుకోవచ్చు.

భయంతో దాచుకుంటేనే నష్టం. మచ్చ కనిపించినా, కనుబొమ్మలు ఊడుతున్నా ఆశా కార్యకర్తకు చెప్పాలి. ఆమెను తోడు తీసుకొని దవాఖానకు పోవాలి.

మాట్లాడుకోండి

1. కనుబొమ్మలను చూసి ఎదుటివారి మనసు ఎట్లా తెలుసుకుంటారు?
2. పెళ్ళిచూపుల్లో పిల్ల రూపానికి వంకలు పెట్టటం సరైనదేనా?
3. మీ ఊరి దవాఖానలో కుష్ఠు మందులు ఎప్పుడు ఇస్తారో అడిగి తెలుసుకోండి. మీ వాడలో పది మందికి చెప్పండి.